పసుపు ఎరుపెక్కిన చెరువు రాయి

అమ్రాబాద్ గుట్టల కింద ఒక చెరువులో జాలరి వలకు రాయి చిక్కిందనీ, దానికి పసుపు పూస్తే నెత్తురు కారిందనీ ఒక మాట ఆ చలికాలం హైదరాబాదు దాకా పాకింది. నా చెవిన పడేసరికే అది మూడు రూపాలు తీసుకుంది. కళాశాల గుమాస్తా లెక్కన ఆ రాయి ఏడ్చింది. మా ఇంటికి పాలు పోసే మనిషి లెక్కన అది ఆకాశం నుంచి పడ్డ ఉల్క. ఇరానీ హోటల్లో పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి లెక్కన అది కమ్యూనిస్టు దళంవాళ్లు నీళ్లలో దాచిన కొత్తరకం బాంబు. ముగ్గురిలో ఏ ఒక్కరూ దాన్ని చూడలేదు. నేను రసాయనశాస్త్రం బోధించేవాణ్ణి. చూడనివాటి గురించి చెప్పేవాళ్లతో వాదించడం మానుకుని చాలాకాలమైంది. ఈ మాటనూ అలాగే వదిలేసి ఉండేవాణ్ణి. కాని నల్లగొండలో వకాలతు చేస్తున్న నా మిత్రుడు గోపాలరావు ఒక మనిషి ద్వారా కబురు పంపాడు: “ఆ రాయి ఏమిటో తేలితే ఒకడు ఇంటికి పోతాడు. తేలకపోతే దూరపు జైలుకు పోతాడు. వచ్చి చూడు.”

వస్తానని, అయితే రాయి ఏమని తేలితే అదే చెబుతానని, అది అతని మనిషికి పనికిరాకపోయినా మార్చనని తిరుగు కబురు పంపాను. సంచిలో సుత్తె, అయస్కాంతం, భూతద్దం, గాజుబిరడా ఉన్న చిన్న సీసాలో ఆమ్లం పెట్టుకుని బయలుదేరాను. పోలీసు చర్య ముగిసి కొన్ని నెలలే అయింది. ఆ దారుల్లో ప్రయాణం చేయని పాఠకుల కోసం, నేను స్వయంగా చూసినంతవరకే ఇక్కడ రాస్తున్నాను.

నల్లగొండ

బొగ్గుతో నడిచే బస్సు ప్రతి ఎత్తు దగ్గరా ఆగి దమ్ము పట్టుకుంది. కండక్టరు ప్రతివాణ్ణీ “హాలీనా, కల్దారా?” అని, అంటే నిజాం రూపాయా ఇంగ్లీషు రూపాయా అని అడిగి, కల్దారు రూపాయి చేతికొస్తే వెలుతురుకు తిప్పి చూశాడు. మా బందరులో ఒకటే నాణెం; ఇక్కడ చాయ్ తాగాలన్నా రెండు రాజ్యాల లెక్క తెలియాలి. నల్లగొండ బస్టాండు పక్క హోటల్లో అర్ధణాకు ఇచ్చిన చాయ్ మాత్రం ఏ రాజ్యంలోనైనా తాగదగిందే.

గోపాలరావు నన్ను నేరుగా మిలిటరీ కేంపుకు తీసుకుపోయాడు. అక్కడి అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు, తెలుగు బాగా మాట్లాడేవాడు. నిందితుణ్ణి పిలిపించాడు. పేరు సాయిలు. నలభై దాటిన మనిషి. మేళ్లచెరువు దగ్గర సున్నం కాల్చే ఇంటివాడు. చేతివేళ్ల పగుళ్లలో ఎంత కడిగినా పోని తెలుపు ఉంది. అమ్రాబాద్ కింది చెరువుకు తూము బాగుచేసే పనిలో రాతికట్టుకు కుదిరి, గుత్తేదారు తెప్పించిన సిమెంటు బస్తాలకు కాపలా కూడా ఉన్నాడు. ఆ బస్తాలు మాయమయ్యాయి. అతను వాటిని దళానికి చేరవేశాడన్నది ఆరోపణ.

“నేనేం జెయ్యలె సారూ,” అన్నాడు సాయిలు. “రజాకార్లు వస్తుండ్రు, కొట్టాలు అంటువెడుతుండ్రు అని ఊరంత అడివిల వడ్డది. నేనొక్కణ్ణే ఉన్న. మాల్ కాలిపోతదని ఫికరైంది. సంచెంబడి సంచి మోసుకపోయి తూము కాడి మెట్ల మీద నీళ్లల్ల పేర్చిన. గప్పుడు నీళ్లు నా రొమ్ముల కాడికే ఉండె. ఆ పొద్దే నేను గూడ ఇంటిదారి పట్టిన.”

“నీళ్లలో ఎందుకు పెట్టావు?”

నా ప్రశ్న అతనికి విచిత్రంగా తోచింది. “సున్నం నీళ్లల్ల గాకుంట యాడ వెడ్తరు? పైన ఉంటె గాలి తగిలి సస్తది. నీళ్ల కింద ఎన్నేండ్లున్నా ఎన్నలెక్కుంటది. గా సిమిటి గూడ సున్నమే గద, జర రంగు తేడా. తీసి సూడుండ్రి, గోరు దిగాలె.”

అధికారి అతణ్ణి పంపేసి నావైపు తిరిగాడు. “ఇతని మాట మీద మా వాళ్లు పోయి వెదురు గడలతో పొడిచి చూశారండీ. తూము దగ్గర అంతా రాళ్లే. సిమెంటు నీళ్లలో గట్టిపడుతుందని నాకూ తెలుసు. కాని ఆ చెరువు అడుగున రాళ్లకు కొదవా? అవి బస్తాలేనని ఎవరు తేల్చాలి? ఇంకోటి. కట్టుపని చేసేవాడికి సిమెంటు గట్టిపడుతుందని తెలియదంటే నన్ను నమ్మమంటారా?”

రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు చెరువులో ఉంది. రెండోదానికి మేళ్లచెరువులో ఉంది. సాయిలును దూరపు జైలుకు తీసుకుపోయే వ్యాను పది రోజుల్లో వస్తుందని అధికారి చెప్పాడు. ఆలోగా నేను తిరిగి వస్తే వింటానన్నాడు. నీళ్లలో సిమెంటు ఏమవుతుందో సాయిలుకు చెప్పవద్దని ఇద్దరినీ కోరాను. తెలియనివాడు ఏం చేస్తాడో చూడాలంటే అతనికి తెలియకుండానే ఉండాలి. గోపాలరావుకు ఇది కాస్త కఠినంగా తోచింది. నాకూ తోచింది, అయినా మార్చుకోలేదు.

మేళ్లచెరువు బట్టీలు

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దాటాక నేల రంగు మారుతుంది. దారి పక్క గుంతల్లో పలకలు పలకలుగా బూడిదరంగు సున్నపురాయి. సాయంత్రానికి బట్టీల పొగ కనిపించింది. మా వైపు సున్నమంటే గుల్లసున్నం. ఉప్పుటేరుల్లో ఏరిన నత్తగుల్లలు కాల్చి చేస్తారు. ఇక్కడ కొండనే కాలుస్తారు.

సాయిలు భార్య లచ్చవ్వ బట్టీకి కట్టెలు పేరుస్తూ నన్ను చూసి పని ఆపలేదు.

“మిల్ట్రీ తాలూకానా?”

“కాదమ్మా. చదువు చెప్పేవాణ్ణి.”

“సదువు జెప్పేటోనికి సున్నంతోని ఏం పని? పలకకు పూస్తవా?” అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పుడు మాత్రం కట్టె దించి నావైపు చూసింది.

నేను వచ్చిన పని చెప్పలేదు. సున్నం ఎలా చేస్తారో చూడాలని మాత్రమే అన్నాను. ఆమె నన్ను ఇంటి వెనక గుంత దగ్గరికి తీసుకుపోయింది. మూరెడు లోతు తేట నీళ్లు, కింద తెల్లటి ముద్ద. “గిది మా మామ ఏసిన గుంత. నేను కాపురానికి వచ్చినేడు ఏసిండు. ఇండ్ల పూతకు గిదే దీస్తం. దీనంత మెత్తన ఇంకోటి లేదు.” కొంచెం తీసి నా అరచేతిలో పెట్టింది. “గోరు వెట్టు.” పెట్టాను. మీగడలో దిగినట్టు దిగింది. ఆమె పెద్దకొడుకు పొలం పనులకు పోయే వయసువాడని తర్వాత తెలిసింది. అంటే ఆ ముద్ద నీటి కింద పదిహేనేళ్లకు పైగా ఉన్నదే.

అప్పుడు అసలు ప్రశ్న వేశాను. “బయటి నుంచి ఒక కొత్తరకం సున్నం వచ్చిందనుకో. బూడిదరంగుది, గోనెసంచుల్లో. ఇల్లు తగలబడేటట్టుంది. ఎక్కడ దాస్తావు?”

“అగ్గికి దాసెటందుకు జాగా అడుగుతున్నవా? నీళ్లల్ల ఏస్త. రంగుదేముంది, సున్నం సున్నమే.”

ఇదే ప్రశ్నను పక్క బట్టీల్లో మరికొందరిని, ఒకరు చెప్పింది మరొకరికి వినబడకుండా, వేరువేరుగా అడిగాను. ఒక ముసలాయన మాత్రం నీళ్లలో వేసేముందు సంచి మూతి గట్టిగా కట్టాలన్నాడు. మిగతా అందరిదీ లచ్చవ్వ జవాబే. బట్టీల మీద పుట్టి పెరిగినవాళ్లకు నీళ్లు సున్నాన్ని పాడుచేసేవి కావు, కాపాడేవి. సిమెంటు బస్తా విప్పి చూసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

రాత్రి భోజనానికి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసంటే కాచని చారు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ నలిపి వేస్తారు. చారు కాచకుండా తాగడం మా ఇంట్లో ఊహించను కూడా ఊహించరు. నేను రెండోసారి అడిగి పోయించుకున్నాను. అప్పుడు చెప్పాను, నల్లగొండలో సాయిలును చూశానని.

ఆమె చేయి పులుసు గిన్నె మీద ఆగింది. “తిండి తింటుండా?”

“నేను ఉన్నంతసేపట్లో తినడం చూడలేదు. నిలబడ్డాడు, తిన్నగా మాట్లాడాడు. చేతులకు సున్నం ఉంది.”

“గది పోదు,” అన్నది. గిన్నె పక్కకు జరిపి, “సున్నమే తోల్క పోయె ఆయినను,” అన్నది.

పొద్దున నేను అడిగితే ఒక చిన్న కుండలో మామ గుంతలోని సున్నం వేసి, పైన నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. దేనికని అడగలేదు. కుండ ఎత్తుకునేటప్పుడు మాత్రం, “నీళ్లు ఎండనియ్యకు పంతులూ,” అన్నది.

దిండి దగ్గర

పడమటికి మళ్లి దేవరకొండ మీదుగా పోతే దిండి వాగు. అది దాటితే మహబూబ్‌నగర్ జిల్లా. వాగు ఒడ్డున తనిఖీ ఉంది. అక్కడి సిపాయిలకు తెలుగు రాదు. నాకు వచ్చిన ఉర్దూ కూరగాయల బజారుకు సరిపోయేంత. సుత్తెను చూశారు, అయస్కాంతాన్ని చూశారు, కుండ మూత విప్పి వేలు ముంచి చూశారు. అన్నిటికీ తల ఊపారు. సీసా దగ్గర ఆగారు.

ఇది రాళ్లను పరీక్షించే మందు అని చెప్పాను. అర్థం కాలేదు. ఇక్కడే నేను బుద్ధిలేని పని చేశాను: చూపిస్తే అర్థమవుతుందనుకుని, కుండ మూతి అంచున అంటిన సున్నం ఎండి తెట్టు కట్టిన చోట ఒక చుక్క వేశాను. అది బుసబుసా పొంగింది. ముగ్గురు సిపాయిలు ఒక్కసారిగా వెనక్కి జరిగి తుపాకులు ఎత్తారు. నాతోపాటు తనిఖీకి నిలబడ్డ మిరపకాయల బండి అతను మెల్లగా బండి చాటుకు పోయాడు. చివరికి వాళ్ల హవల్దారు వచ్చి, సీసాను దూరంగా తీసుకుపోయి ఒలకబోయమన్నాడు. అక్కడి నేలలో సున్నపుగడ్డలు ఉండడంతో నేల కూడా పొంగింది. నన్ను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి వదిలారు.

“పంతులూ, నీ మందు మంచిగున్నది గని, దాన్ని తాగెటోనికి ఇయ్యకు,” అన్నాడు మిరపకాయల అతను, అచ్చంపేట దాకా నన్ను బండి మీద ఎక్కించుకుని.

అలా ఆమ్లం పోయింది. రాయిని గుర్తించడానికి నేను నమ్ముకున్న పనిముట్లలో ముఖ్యమైనదే లేకుండా చెరువు చేరాను.

చెరువు కట్ట

ఆ ఊరి పేరు రాయడం లేదు. ఆ ఊరివాళ్లు ఇప్పటికే దళానికీ, రజాకార్లకూ, మిలిటరీకీ, మళ్లీ దళానికీ జవాబులు చెప్పి అలసిపోయారు. గుట్టలు ఒకవైపు, వాటి ఒడిలో చెరువు. పంటకాలం చివర కురిసిన వానలకు మత్తడి దాకా, అంటే అలుగు పారేంతగా, నిండింది. తూము దగ్గర నీరు ఇద్దరు మనుషుల లోతు ఉంటుందన్నారు.

రాయి కట్ట మీద ఉంది. పసుపు, కుంకుమ, వేపకొమ్మలు. తెలంగాణంలో చెరువు కట్టకు కాపలా మైసమ్మది. మా వైపు చెరువుకు ఇలాంటి కావలిదేవత ఉండడం నేను చూడలేదు. చెరువులోంచి దానంతట అది వలలోకి వచ్చిన రాయిని ఇక్కడివాళ్లు మైసమ్మ కాక ఇంకేమనుకుంటారు? దాని బాగోగులు చూసే ముసలామె పేరు ఎల్లవ్వ. వలవేసి దాన్ని లాగినవాడు మల్లయ్య.

“ముట్టొచ్చునా అవ్వా?”

“సూడు. ముట్టకు.”

ముట్టకుండానే భూతద్దంతో చూశాను. బూడిదరంగు రాయి, దిండు ఆకారం. నాలుగు మూలలూ చెవుల్లా కొద్దిగా ముందుకు వచ్చాయి. పసుపు అంటని చోట రాతి మీద అడ్డం నిలువు గీతలు, గడులు గడులుగా, నేత బట్ట మీద ఉన్నట్టు. ఒక అంచు పొడవునా సమదూరంలో నొక్కులు. “అమ్మ చీర కట్టుకొనే వచ్చింది, అంచు గూడ ఉన్నది,” అన్నది ఎల్లవ్వ. పరిశీలన తప్పు కాదు. నేతా ఉంది, అంచూ ఉంది. చీరా, గోనెసంచా అన్నదే తేలాల్సింది.

నెత్తురు సంగతి మల్లయ్య చెప్పాడు. “తీసిన్నాడు అవ్వ పసుపు పూసింది. సూస్తుండంగనే ఎర్రగైంది సారూ, నా కండ్లతోని సూసిన. మూడొద్దుల తర్వాత మల్ల పూస్తె పచ్చగనే ఉన్నది.”

“అమ్మ శాంతించింది,” అన్నది ఎల్లవ్వ.

“రాయికి జుట్టు కూడా ఉందని దారిలో అన్నారు, నిజమేనా?”

ఎల్లవ్వ కొంగుముడి విప్పి గోధుమరంగు పోగులు చూపింది. ఒక్కటి ఇమ్మని బతిమాలి, దాన్నీ, నా తల నుంచి పీకిన వెంట్రుకనూ పక్కపక్కన కాల్చాను. వెంట్రుక కమురు కంపు కొట్టి ముడుచుకుపోయింది. పోగు కాగితంలా కాలి బూడిదైంది. ఇంకోసారి చేసి చూద్దామని తల మీద చెయ్యి పెడితే మల్లయ్య ఆపాడు. “ఉన్నయే నాలుగు సారూ. ఇగ పీకకు.”

గోనెపోగు అన్నంత మాత్రాన రాయి సిమెంటని తేలదు. నీళ్లలో గోనెముక్కలు ఉండడానికి వంద కారణాలుంటాయి. పసుపు ఎర్రబడిందంటే క్షారం ఉందని అర్థం. పారాణి కలిపిన ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. గాలి తగిలిన కొద్దీ పైపొరలో క్షారం చస్తుంది, అందుకే మూడు రోజుల తర్వాత పసుపు పచ్చగా నిలిచింది. నా లెక్క నిజమైతే, నీళ్లలోంచి కొత్తగా తీసిన రాయి మళ్లీ ఎర్రబడాలి. లెక్క తప్పైతే ఎర్రబడకూడదు. ఊరందరి ముందు ఈ మాట ముందుగానే చెప్పాను, తర్వాత మార్చుకునే వీలు లేకుండా.

సాయిలు పేరు చెప్పగానే కట్ట మీద మాటలు ఆగిపోయాయి. “సున్నపు సాయిలా?” అన్నది ఎల్లవ్వ. “మంచోడు. నా గుడిసెకు ఊకెనే సున్నం పూసి పోయిండు. గా సంచులేమైనయో మాకెర్కలే గని, దొంగ గాదు.” మంచితనం సాక్ష్యం కాదు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోలేదు. కాని ఆ ఊళ్లో నాకు పడవ దొరికింది ఆ మాట వల్లనే.

నీటి అడుగున

బందరు కాలువల్లో పెరిగినవాణ్ణి, ఈత వచ్చు. నా వేళ్లతో తాకనిదాన్ని రాయలేనని చెబితే మల్లయ్య నా పొట్ట వైపు చూసి, “రాయిని దెమ్మంటివి, రెంటిని దేవాల్నేమో,” అన్నాడు. మాఘమాసపు నీళ్లు. మొదటి మునకకు ఊపిరి అందక చేతికి బురద మాత్రమే తెచ్చుకున్నాను. రెండోసారి మల్లయ్య నా మణికట్టు పట్టుకుని కిందికి లాక్కుపోయాడు.

చీకటిలో చేతికి తగిలింది గోడ. నేను కుప్పగా పడి ఉంటాయనుకున్నాను. మెట్ల మీద ఒక వరుస, దాని మీద ఇంకో వరుస, కింది రెంటి సందు మీద పైది వచ్చేటట్టు, రాతికట్టు పనివాడు పేర్చే తీరున. మూతి అంచులన్నీ కట్టవైపే తిరిగి ఉన్నాయి. పారేసినవాడు అలా పేర్చడు. మళ్లీ తీసుకోవాలనుకున్నవాడు పేరుస్తాడు. మల్లయ్యా నేనూ వేరువేరుగా మునిగి చేతులతో లెక్కపెట్టి, ఒడ్డుకు వచ్చాక ఒకేసారి చెప్పుకున్నాం. ఒకటే సంఖ్య. గుత్తేదారు ఫిర్యాదులో చెప్పినదానికి అది ఒకటి తక్కువ. ఆ ఒకటి కట్ట మీద పసుపు పూసుకుని కూర్చుంది.

నా కాలికి జలగ పట్టిన సంగతి ఒడ్డున ఒకామె నవ్వితే గాని తెలియలేదు.

తాళ్లు కట్టి రెండో రాయిని పైకి లాగారు. దానికి సగం కుళ్లిన గోనె ఇంకా అతుక్కుని ఉంది. నేను గబగబా పసుపు ముద్ద తీసుకుని దాని మీదికి చెయ్యి చాపాను. ఎల్లవ్వ నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు దీన్ని పలగ్గొడ్తనంటివి గద?”

“అవును, లోపల చూడాలి.”

“పసుపు వెట్టినవంటె ఇగ పలగ్గొట్టనియ్యం. పసుపు అందుకున్నంక అది రాయి గాదు, అమ్మ. నీళ్లల్లకెల్లి వచ్చినట్టున్నంత సేపే రాయి. ఏది గావాలెనో సూస్కో.”

నేను ఆలోచించకుండా ఒక పరీక్షతో ఇంకో పరీక్షను పోగొట్టుకోబోయాను. కాసేపు కట్ట మీద కూర్చున్నాను. పసుపును రాయికి పూయకూడదు. రాయిని పసుపులో కలిపితే?

అదే అడిగాను. ఎల్లవ్వ ఆలోచించింది. “దొప్పల పసుపునీళ్లు ముగ్గుకూ వాడ్తం, కూరకూ వాడ్తం. గండ్ల ఏమేస్తవో నీ ఇష్టం. రాయికి పూయకు.” మళ్లీ అన్నది: “మనిషిని ఇడిపిస్తనంటె అమ్మ అద్దంటదా?”

మల్లయ్య గడ్డపార వేశాడు. రాయి మొండిగా నిలిచి, చివరికి రెండుగా విచ్చింది. పైపెంకు గట్టి రాయి. నడుమ, పిడికెడంత మేర, ఇంకా పూర్తిగా నీరు చేరని బూడిదరంగు పొడి, పెళ్లలు పెళ్లలుగా. ప్రకృతిలో రాయి బయటినుంచి లోపలికి ఇలా గట్టిపడదు.

మూడు మోదుగాకు దొప్పల్లో పసుపునీళ్లు పోయించాను. మొదటిదాంట్లో కట్టకు పేర్చిన మామూలు రాయి గీరిన పొడి. పచ్చగానే ఉంది. రెండోదాంట్లో లచ్చవ్వ కుండలోని సున్నం. ఎర్రబడింది. మూడోదాంట్లో పగిలిన రాతి పొడి. అందరూ వంగారు. ఎర్రబడింది.

“సున్నమో, సున్నం లాంటిదో ఉంది, అంతే తేలింది అవ్వా,” అన్నాను. “నెత్తురు కాదు.”

ఎల్లవ్వ బుగ్గన ఉన్న ఆకు అటు నుంచి ఇటు మార్చుకుంది. ఆమె పెదవులు కూడా మూడో దొప్ప రంగులోనే ఉన్నాయి. “అమ్మ గూడ ఆకువక్క ఏస్కుంటది కొడుకా. సున్నం లేకుంట ఎవలి నోరు పండుతది?”

నడుమ ఉన్న పొడినీ, నేత ముద్ర ఉన్న ఒక పెంకునూ గుడ్డలో మూటకట్టుకున్నాను. ఆ రాత్రి ఇప్పపువ్వు ఉడికించి పెట్టారు, తీపిగా, కొంచెం మత్తుగా ఉంది. పొద్దున ఊరు విడిచేటప్పుడు కట్ట మీద మైసమ్మకు పూజ యథావిధిగా జరుగుతూనే ఉంది.

మళ్లీ నల్లగొండ

వ్యాను ఇంకా రాలేదు. అధికారి నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు. నేత ముద్ర చూశాడు, పేర్చిన తీరు విన్నాడు, బట్టీలవాళ్ల జవాబులు విన్నాడు.

“పసుపుకు సున్నమైనా చాలుగదండీ,” అన్నాడు. “సున్నపు బస్తాలు పేర్చి, సిమెంటు అమ్మేసి ఉండవచ్చు.”

ఆయన అడగకపోతే నేనే అడిగేవాణ్ణి. రెండు మట్టి ముంతలు తెప్పించాను. ఒకదాంట్లో లచ్చవ్వ సున్నం. రెండోదాంట్లో రాతి నడుమ నుంచి తెచ్చిన పొడిని నూరి, కలిపిన ముద్ద. రెంటి మీదా నీళ్లు పోశాను. సున్నమైతే నీటి కింద మెత్తగానే ఉండాలి. సిమెంటైతే గట్టిపడాలి. పాత పొడి, సగం బలం పోయింది. గట్టిపడకపోయే అవకాశం ఉందని, అలా జరిగితే నేను ఏమీ నిరూపించలేనని కూడా చెప్పాను. గోపాలరావు నావైపు కోపంగా చూశాడు. ముంతలను అధికారి బీరువాలో పెట్టించి, తాళంచెవి ఆయన దగ్గరే ఉంచుకోమన్నాను. రెండు రోజులు ఆగాం. ఆ రెండు రోజులూ గోపాలరావు నాతో వాతావరణం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

మూడో రోజు బీరువా తెరిచి, సాయిలును పిలిపించారు. ఏది ఏమిటో అతనికి చెప్పలేదు.

“గోరు పెట్టు,” అన్నాను.

మొదటి ముంతలో వేలు ముంచాడు. గోరు దిగింది. తీసి, రెండు వేళ్ల నడుమ నలిపి, వాసన చూశాడు. “గిది మా గుంతది,” అన్నాడు. “మా నాయిన ఏసింది. గీడికెట్లొచ్చింది?” నేను రెండో ముంత చూపించాను.

గోరు దిగలేదు. మళ్లీ నొక్కాడు. గోరు వంగింది. నీళ్లు ఒంపేసి ముంతను వెలుతురుకు పట్టుకుని చూశాడు. నేత ముద్ర ఉన్న పెంకును అతని ముందు పెట్టాను. ఆ గడులమీద వేలు పోనిచ్చి, మూతి కుట్టు నొక్కుల దగ్గర ఆగాడు.

“నా సంచులు,” అన్నాడు. “గా రాళ్లే నా సంచులా?”

“అవును.”

“అంత మాలు నా సేతులతోని ఖరాబ్ జేసిన్నా?”

అధికారి నావైపు చూశాడు. సాయిలు ముఖం చూసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడని గోపాలరావు తర్వాత నాతో అన్నాడు. ముఖం సాక్ష్యం కాదు. నేను రాసి ఇచ్చింది ఇంతే: రాళ్లు సిమెంటు; సంఖ్య సరిపోయింది; పేర్పు భద్రపరిచినవాడిది; నీటిలో దాచడం ఆ పనివాళ్లందరి అలవాటు. దాని మీదనే ఆ సాయంత్రం సాయిలును వదిలారు.

బస్టాండులో నేను కొనిచ్చిన చాయ్ అతను తాగకుండానే చల్లారిపోయింది.

“గది సావలేదంటవా సారూ?”

“చావలేదు. గట్టిపడింది. దాని పనే అది.”

“నీళ్లల్లనే?”

“నీళ్లలోనే.”

కేంపు నుంచి తెచ్చుకున్న రెండో ముంతను చేతిలో తిప్పుతూ అన్నాడు: “మేం తూము కట్టాలంటె చెరువంత ఎండేదాంక ఆగుతం. సున్నం నీళ్లల్ల పట్టదని. అంటె గిది నీళ్లుండంగనే కట్టొచ్చునా?”

కట్టవచ్చని చెప్పాను. అలా కట్టినవాళ్ల గురించి చదివాను గాని చూడలేదని కూడా చెప్పాను. అతను తల ఊపాడు. రెండు ముంతల్లో తండ్రి సున్నం ఉన్న దాన్ని నా చేతికిచ్చి, రెండోదాన్ని తువాలులో చుట్టుకున్నాడు.

లచ్చవ్వ అతణ్ణి చూసి ఏమన్నదో నాకు తెలియదు. నేను అక్కడ లేను కాబట్టి రాయడం లేదు. నేను చూసింది హుజూర్‌నగర్ బస్సు కదలడం మాత్రమే. కిటికీ పక్కన సాయిలు తువాలు విప్పి, ముంతను ఒడిలో పెట్టుకుని, నేను చెప్పిన మాటను నమ్మకుండా మరోసారి గోరు పెట్టి చూస్తున్నాడు.